మేకులకు వేలాడిన సంతకాలు

పొద్దుటి నుంచీ నళినికి కాలు ఒకచోట నిలవడం లేదు. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లను ఆన్‌లైన్ టెండర్లకు మార్చిన సంస్కరణ ఎంతదాకా వచ్చిందో తేల్చే నివేదిక సాయంత్రం ఐదింటికల్లా లక్డీకాపూల్ ఆఫీసులో ఇవ్వాలి. అన్ని గళ్లూ నిండాయి, ఒక్కటి తప్ప: ‘పోటీ పెరిగిందా?’ లెక్కన పెరిగినట్టే. ప్రతి టెండరుకూ సరిగ్గా ముగ్గురు పోటీదారులే, తక్కువ లేదు, ఎక్కువ లేదు. అందరూ శాకాహారులే, మరి రొయ్యల బుట్ట ఏమైనట్టు?

టెండర్లు వేసిన ఆబిడ్స్ దుకాణాలు కొన్ని ఎండలో తిరిగింది. బీరువాలవాడూ కాగితాలవాడూ ఒకటే మాట అన్నారు. “మాకేం తెల్వదు మేడం, అంతా ఎల్లేషే చూస్తడు.”

ఎల్లేష్ కంప్యూటర్ దుకాణం నాంపల్లి స్టేషన్ పక్క సందులో ఉంది. గోడకు వరుసగా మేకులు, ఒక్కో మేకుకు పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ కీ. వ్యాపారి సంతకం అందులోనే ఉంటుంది. ఒక కీ మీద అతికించిన పేరు చూసి ఆమె దగ్గరికి జరిగింది. విజయేందర్. సొంత తమ్ముడు.

“ముగ్గురు రాకుంటే టెండర్ క్యాన్సిల్ చేస్తరు మేడం,” ఎల్లేష్ గొప్పగా చెప్పాడు. “గందుకే ఒకరికి గెలిచే రేటు ఏస్త, ఇద్దరికి ఓడే రేటు. రెండేండ్లల్ల ఒక్కటి గూడ క్యాన్సిల్ గాలే.”

“విజయేందర్ ఎన్ని గెలిచిండు?”

“ఆయన మొదటి సంది ఓడేటోడే. ఇచ్చే రేటు మంచిదే, నేనే జర పెంచి ఏస్త. పాపం, ఎన్నిసార్లు ఓడినా కొట్లాటకు రాడు.”

నళినికి ఒళ్లు మండిపోయింది, ఎల్లేష్ మీద కన్నా తన మీదే ఎక్కువ. ‘ఇప్పుడంతా ఆన్‌లైన్ రా, ఎవరి కాళ్లూ పట్టుకునే పని లేదు’ అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరి తమ్ముడిచేత ఆ కీ కొనిపించింది తనే. ఇది రాస్తే, దొంగ రేట్ల మీద సంతకం తమ్ముడిదే కాబట్టి, వాడి దుకాణమూ బ్లాక్‌లిస్టుకెక్కుతుంది. రాయకపోతే, టిక్కు పెట్టి ఇంటికి పోవచ్చు. మూడున్నరయింది. మేకు నుంచి కీ లాక్కుని ఆబిడ్స్‌లోనే ఉన్న తమ్ముడి దుకాణానికి నడిచింది.

విజయేందర్ అమ్మకానికి పెట్టిన కుర్చీల మధ్య ఉన్నాడు. ‘ఈసారన్న వస్తదా అక్కా’ అని ప్రతి టెండరుకూ అడిగేవాడు, ఆర్నెల్లుగా అడగడం మానేశాడు. ఆమె కీ చేతిలో పెట్టి ఉన్నదంతా చెప్పింది. వాడు దాన్నే తిప్పి తిప్పి చూశాడు.

“అంటే నా రేటు సర్కారుదాక పోనే లేదా?”

“పోలేదురా. ఇది రాస్తే నీ పేరు గూడ రాయాలె. మళ్ల సర్కార్ గడప తొక్కనియ్యరు.”

“నేనే చేతగానోణ్ణి అనుకున్న గదక్కా, ఇన్ని దినాలు.” కళ్లు తుడుచుకున్నాడు. “రాయి. గానీ ఓడిపోయిండని మాత్రం రాయకు. నేను ఆటల్నే లేను.”

పొద్దుటి నుంచి నిలబడే ఉన్న నళిని ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. పోటీ గురించి ఖాళీగా మిగిలిన గడిలో ‘లేదు’ అని రాసింది. కింద, ఎల్లేష్‌కు కీలిచ్చినవాళ్లలో మొదటి పేరు తమ్ముడిది రాసింది.