నీళ్ల పాట

అక్క ఆడవాళ్లకు వ్యాయామం నేర్పేది. క్లాసు ఒక పాత గోదాములో జరిగేది. టేపులు పెట్టడం తమ్ముడి పని. పాటకీ పాటకీ మధ్య సందు దొరికిందా, ఆడవాళ్లు గోడకు చేరగిలబడి కబుర్లలో పడేవాళ్లు. మళ్లీ లేపాలంటే అక్క గొంతు చించుకోవాల్సిందే.

"ఒరే, సందివ్వకురా. ఇచ్చావంటే వీళ్లిక నా చేతికి చిక్కరు" అనేది.

అలా రెండు టేపురికార్డర్లు పక్కపక్కన పెట్టుకుని, ఒక పాట తోకకు ఇంకో పాట తల అతికించడం పట్టుబడింది అతనికి. క్లాసు మధ్యలో మాత్రం ఒక నెమ్మది పాట పెట్టించేది అక్క. అది మొదలవగానే అందరూ సీసాలు అందుకునేవాళ్లు. నీళ్ల పాట అని దానికి పేరు. అదంటే అతనికి ఒళ్లుమంట. కట్టిన దండను మధ్యలో తెంపినట్టుండేది.

ఊళ్లో ఒక డాన్సు క్లబ్బులో పాటలు పెట్టే డీజే మానేశాడని తెలిసి తమ్ముడు వెళ్లాడు.

"రెండు సాయంత్రాలు చూస్తా. నచ్చితే ఉంటావు, లేదంటే లేదు" అన్నాడు యజమాని.

మొదటి సాయంత్రం సందన్నదే ఇవ్వలేదు. జనం చెమటలు కక్కుతూ ఆడారు. ఒక్కడూ కూర్చోలేదు. ఉద్యోగం వచ్చినట్టే అనుకుంటూ కిందికి దిగాడు.

"ఏం గురూ, నా మీదేమైనా పగా?" అన్నాడు క్లబ్బు బారులో మందు పోసే అతను. "తుడిచిన గ్లాసే తుడుస్తూ కూర్చున్నా."

వెనకే యజమాని వచ్చాడు. "బాగానే ఆడించావబ్బాయ్. కానీ నేను బతికేది వాళ్ల దాహం మీద. రేపూ ఇదే వరసైతే వేరే చోటు చూసుకో."

ఇంటికొచ్చి అక్కకు చెప్పాడు. ఆమె పడీపడీ నవ్వింది.

"నీళ్ల పాట పట్టుకెళ్లరా. క్లాసు కాగానే అటక మీద పారేస్తావుగా."

"అది పెడితే నా పరువేం కావాలక్కా?"

"అయితే పరువు పట్టుకుని ఇంట్లోనే కూర్చో. నాకూ టేపులు పెట్టేవాడు కావాలి."

మర్నాడు ఆట మంచి ఊపు మీద ఉండగా ఆ టేపు తీశాడు. కాసేపు చేతిలోనే పెట్టుకున్నాడు. తర్వాత, అతుకు తెలియకుండా కలిపాడు. అడుగులు మెల్లగా సడలాయి. ఒకడు నుదురు తుడుచుకున్నాడు. ఇద్దరు బారు వైపు నడిచారు, వాళ్ల వెనకే మిగతావాళ్లు. బారతనికి ఊపిరి సలపలేదు.

ఆట ఆగిపోవడం చూస్తూ తమ్ముడు ఎక్కువసేపు ఉండలేకపోయాడు. హుషారు పాట ఎత్తుకున్నాడు. జనం సగం తాగిన గ్లాసులు వదిలేసి పరిగెత్తుకొచ్చారు.

యజమాని దగ్గరికొచ్చి ఆ గ్లాసులకేసి చూశాడు.

"రేపట్నుంచి ఆ పాట ఇంకాస్త సాగదియ్యి" అన్నాడు.