కెంచమ్మ ఇత్తనాల అంగడి

పొద్దు పొడవంగానే కెంచమ్మ వాకిట్లో చాప పరిచి చెనిక్కాయలు ఒలిచేకి కూర్చునేది. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే కాయ విడిపోయేది గానీ లోపలి పప్పు మీద పొర చెదిరేది కాదు. ముప్పై ఏండ్లుగా వెంకటమ్మనహళ్లి ఇత్తనాల వ్యాపారి ఆంజనప్పకు ఆమే ఒలిచి ఇచ్చేది. ఆమె ఒలిచిన ఇత్తనాలు సంచిలో పడంగానే గురక పెట్టేవి. ఇత్తనమన్నాక వానొచ్చేదాకా నిద్రపోదా ఏంది? రైతులు సంచికి చెవి ఆనించి, బాగా గురక పెట్టేదాన్నే ఏరుకొని పోయేవాళ్లు.

ఆ ఏడు ఆంజనప్ప కాయలు ఒలిచే మిషన్ తెచ్చినాడు.

"యాభై ఎనిమిది దాటినాయి కదక్కా, ఇంగ ఇంటికాడ కూర్చో," అన్నాడు.

కెంచమ్మకు ఒళ్లు మండింది. కూర్చుంటే కూడెవరు పెడతారు? మొగుడు పోయి పదేండ్లాయె. ఉన్న ఆరు గొర్రెలూ అమ్మేసి కాయలు కొనింది. తన చేత్తోనే ఒలిచి పదకొండు సంచులు నింపి, ఇంటి ముందరే తన సొంత అంగడి పెట్టింది.

"ముసలమ్మకు దసరా పండగంట!" అని పక్కింటి ఎల్లక్క నవ్వింది.

"నీకేమే, పండగ నాది," అనింది కెంచమ్మ.

కానీ వాన పడితే కదా! మోడాలు రావడం, గాలికి కొట్టుకుపోవడం. ఆషాఢం అయిపాయె, శ్రావణమూ వచ్చె. ఇంకో వారం పోతే ఎవరూ చెనిక్కాయ ఎయ్యరు. ఇత్తనం మిగిలిపోతే కెంచమ్మకు గొర్రెలూ లేవు, అంగడీ లేదు.

ఒక పొద్దున పదకొండు సంచులూ ఒక్కసారే గురక ఆపేసినాయి. అలవాటైన చప్పుడు లేకపోయేసరికి వీధంతా బయటికొచ్చింది. ఆంజనప్ప కూడా వచ్చినాడు.

"చచ్చినాయి లేక్కా. వేయించుకొని తిను," అన్నాడు.

కెంచమ్మ అందరి ముందరే బోరున ఏడ్చేసింది. ఏడుస్తానే సంచిలో చెయ్యి పెట్టింది. లోపల వెచ్చగా ఉండాది. ఒక పప్పు ఆమె అరచేతిలో అటునుంచి ఇటు పొర్లింది. ఆ వెంటనే సంచిలోంచి పెద్ద ఆవులింత వినపడింది.

"నా బంగారాలు! మేలుకున్నాయి!" అని అరిచింది కెంచమ్మ.

ఇత్తనం మేలుకుంటే వాన ఊరి పొలిమేరలో ఉన్నట్టే. "ఇత్తనమేసే గొర్రు కట్టండప్పా!" అని అరుస్తా రైతు నారప్ప ఇంటికి పరుగెత్తినాడు. పక్కూరు రాయచెర్లు దాకా కబురు పోయింది. బండ్లు వచ్చినాయి. పొద్దు గూకకముందే దబదబా వాన దంచింది.

మర్నాడు భూమి ఇత్తనానికి సరిపోయే తడితో మంచి పదునులో ఉండాది. కెంచమ్మ వాకిట్లో జనం వరస కట్టినారు. చేటలో ఇత్తనం పోసుకొని, సంచి సంచికీ ఊరి పేరు అడుగుతా, ఆమె రాణిలా నిలబడింది. ముప్పై ఏండ్లలో ఆ ఇత్తనం ఎవరి చేలోకి పోతాందో ఆమెకు ఎవరూ చెప్పింది లేదు.

మధ్యాన్నానికి ఆంజనప్ప ఖాళీ సంచి చంకన పెట్టుకొని వచ్చినాడు.

"అక్కా, పదును ఆరిపోతాంది. మిషన్లో ఒలిచిన పప్పు ఎంత పిలిచినా లేయలే. నా చేనుకు ఒక్క సంచి ఇయ్యి."

కెంచమ్మకు నవ్వొచ్చింది, కడుపు కూడా నిండింది.

"ఇస్తా లేప్పా, వరసలోకి రా. సంచి నువ్వే ఎత్తుకోవాల, ఈ అంగట్లో కూలోళ్లు లేరు. ఉండేది యజమానురాలే."