దూడకు దక్కని జున్నుపాలు

ఖుర్సీపార్ బస్తీలో ఇంటి వెనక రేకుల కింద అప్పలనర్సమ్మ ఆవు ఈనింది. పెయ్యదూడ. దాని ఒళ్లింకా తడి ఆరకముందే కొడుకు సురేశ్ స్టీలు క్యాన్ పట్టుకొచ్చాడు. అతను హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక చిన్న కార్ఖానాలో ఆరేళ్లుగా టెంపరరీ.

"మా కార్ఖానా మాలిక్ ఇంట్లో జున్ను అడిగినారమ్మా. ఈసారి ఒకర్ని పర్మనెంటు సేస్తారంట."

"మరి దూడకేటి పట్టమంటావు?"

"విటమిన్ చుక్కలు తెస్తాన్లే. అన్నీ సీసాలోనే ఉంటాయి."

అది తప్పని ఆమెకు తెలుసు. అయినా పొదుగు కడిగి తానే పిండి ఇచ్చింది. మూడు రోజులూ జున్నుపాలు అలాగే వెళ్లాయి. ఆ తర్వాత మంచి పాలూ అక్కడికే. దూడ విరేచనాలు పట్టుకుని చావు తప్పి బతికింది. వెన్న తీసిన పాలపొడి నీళ్లలో కలిపి, చుక్కలు వేసి పట్టారు. ఒక్క పూటా మానలేదు. ఎండాకాలం కావడంతో ఎండుగడ్డి తప్ప పచ్చిమేత దొరకలేదు.

నాలుగో నెలలో దూడ సాయంత్రాలు గోడకు గుద్దుకోసాగింది. తర్వాత పట్టపగలే, తల్లి పక్కన నిలబడి తల్లిని వెతికింది.

పశువుల డాక్టరు హరిత వచ్చి దాని కళ్లలోకి టార్చి వేసి చూసింది.

"జున్నుపాలు పట్టారా ఆంటీ?"

సురేశ్ సీసా చూపించాడు. "రోజూ ఏసినాం దీదీ."

"పుట్టినప్పుడు దూడ లివర్‌లో చూపుకి కావాల్సిన ఈ ఎ విటమిన్ దాదాపు ఉండదు భయ్యా. మొదట నింపేది తల్లి జున్నుపాలే. కొవ్వుతో కలిస్తేనే అది ఒంటికి పట్టి లివర్‌లో నిలవుంటుంది. వెన్న లేని పాలల్లో వేస్తే చాలామటుకు బయటికే పోతుంది."

"ఇంజెక్షన్ ఇస్తే?"

"ఇస్తాను. బతుకుతుంది. చూపు మాత్రం రాదు. ఆ విటమిన్ లేక ఎముక పెరిగి కంటినరాన్ని నొక్కేసింది."

అప్పలనర్సమ్మ దూడ మెడ మీద చెయ్యి వేసింది. "నా సేత్తోనే పిండినానమ్మా" అంది.

వారం తర్వాత పర్మనెంటు ఉద్యోగం మాలిక్ మేనల్లుడికి వచ్చింది. ఆ సంగతి చెప్పి, దూడను గోశాలలో వదిలేద్దామన్నాడు సురేశ్.

"కళ్లెదుట లేకపోతే నీకు సుకం కదా?" అందామె. "ఎక్కడికీ వద్దు. రేపట్నించి నువ్వే మేతెయ్యి, నువ్వే నీళ్లెట్టు."

అతను వేస్తున్నాడు. అడుగుల చప్పుడు వినగానే దూడ అతని వైపు మెడ చాస్తుంది. అతను గడ్డి పడేసి, తాకకుండా వెళ్లిపోతాడు.