నైరుతి మూల ఎర్తు గొయ్యి

నేను కరెంటు పని చేస్తాను. పేరు ఆమోసు. ఆటోనగర్ వెనక వీధిలో జానకిరామ్ గారి ఇంటికి తొంభై ఆరులో వైరింగు చేసింది నేనే. నా పని మంచిదని చెప్పుకోవడానికి నేనేమీ సిగ్గుపడను. ఇంటి వెనక నైరుతి మూల ఎనిమిదడుగుల గొయ్యి తవ్వించి, ఇనప పైపు దించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వేయించాను. ఇంట్లో ప్రతి ప్లగ్గు నుంచీ ఎర్తు వైరు వచ్చి ఆ పైపుకే కలుస్తుంది. ఏ సామానులో కరెంటు లీకైనా మనిషి ఒంట్లోంచి పోకుండా ఆ పైపు దారిన భూమిలోకి పోతుంది. వేసవిలో వారానికో బిందె నీళ్లు అందులో పోయమని ఇంటావిడ ఛాయాదేవి గారికి చెప్పాను. ఆవిడ మర్చిపోకుండా పోసేవారు.

ఆరేళ్ల తర్వాత రోహిణి కార్తెలో ఆవిడే ఫోన్ చేశారు.

"ఆమోసు గారూ, కూలర్లో నీళ్లు పోస్తుంటే చెయ్యి జివ్వుమంటోందండీ. నిన్నయితే బిందె చేతిలోంచి జారిపోయింది. ఆయనేమో ఏం కాదంటారు. మీరోసారి వచ్చి చూస్తారా?"

వెళ్లాను. చెప్పులు మెట్ల మీదే విడిచాను. హాల్లోనే దేవుడి మందిరం ఉంది కాబట్టి ఆ ఇంట్లో చెప్పులు గుమ్మం దాటవు. రేకు కూలరు హాలు కిటికీ దగ్గర తిరుగుతోంది. కింద గచ్చంతా తడి. టెస్టరు రేకుకు ఆనించగానే ఎర్రగా వెలిగింది. వంటింట్లో ఫ్రిజ్ తలుపుకు ఆనిస్తే అక్కడా వెలిగింది. కూలర్లో లీకైన కరెంటు భూమిలోకి పోయే దారి లేక, ఎర్తు వైర్ల వెంట ఇంట్లో ఇనప సామానంతా తిరుగుతోందన్నమాట.

దొడ్లోకి వెళ్లి చూస్తే నా గొయ్యి లేదు. దాని మీద సిమెంటు చేసి, ఆ పైన పాత రుబ్బురోలు పెట్టారు. గోడ పక్కన నా ఎర్తు వైరు కట్టరుతో తెంపి ఉంది. ఒళ్లు మండిపోయింది.

జానకిరామ్ గారికి ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షాపుంది. భోజనానికి ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలోనే అడిగాను.

"గొయ్యి ఎవరు పూడ్చారండీ?"

"నేనే పూడ్పించానయ్యా. కిందటేడు వేసంగికి ముందు హనుమాన్ జంక్షన్ నుంచి సిద్ధాంతి గారొచ్చి వాస్తు చూశారు. నైరుతిలో గొయ్యి ఉంటే యజమానికి ప్రాణగండం అన్నారు. బరువు పెట్టమన్నారు, రోలు పెట్టాం."

"మీ షాపులో వెల్డింగ్ మిషన్లకి ఎర్తు లేదాండీ?"

"ఎందుకు లేదు? ఎర్తు లేకపోతే పనోళ్లు ముట్టుకోరుగా."

"ఇక్కడ ముట్టుకునేది అమ్మగారండీ."

ఆయన కండువాతో మెడ తుడుచుకున్నారు. సిద్ధాంతి గారు కాశీ వెళ్లారట, శ్రావణానికి గానీ రారట. వచ్చాక ఆయన్నడిగి ఇంకో మూల వేయిద్దామన్నారు. అప్పటిదాకా కూలరూ ఫ్రిజ్జూ ఆపేయమన్నాను.

"ఈ ఎండల్లోనా? నువ్వు మరీ చెప్తావయ్యా. అది షాక్ కాదు, కాస్త జివ్వంటుంది. ఆడాళ్లు ప్రతిదానికీ కంగారుపడతారు."

ఛాయాదేవి గారు మధ్యాహ్నం పోయాల్సిన నీళ్ల బిందె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్నారు. చీర అంచు తడిసి పాదాలకు అంటుకుని ఉంది. షాక్ కొట్టి ఈవిడ పోతే పోవడమే కదా, తర్వాత అందరూ ఆయుష్షు తీరిందంటారు. ఆ మాట తట్టేసరికి నాకు నోరాగలేదు.

"అయితే ఇవాళ్టి నీళ్లు మీరే పొయ్యండి," అన్నాను ఆయనతో.

నేను గోడ దగ్గరికి జరిగి ఏమైనా అయితే దించేద్దామని మెయిన్ స్విచ్చు మీద చెయ్యేసి ఉంచాను. జానకిరామ్ గారు నవ్వుతూ బిందె అందుకున్నారు. కూలరుకు రెండడుగుల దూరం దాకా వెళ్లి, తడి గచ్చు ముందు ఆగారు.

"ఛాయా, నా చెప్పులు ఇట్టా పట్రా."

ఆవిడ బయటికెళ్లి, ఆయన రబ్బరు చెప్పులు చేత్తో పట్టుకుని మందిరం ముందు నుంచే తెచ్చి, ఆయన పాదాల దగ్గర పెట్టారు. ఆయన తొడుక్కున్నారు. ఒక్క అడుగు వేసి, ఏదో తోచినట్టు ఆవిడ ఉత్త కాళ్ల వంక చూశారు.

"రెండు వేసంగులు పోశానండీ, పూటకో బిందె," అన్నారావిడ. గొంతు పెంచలేదు. "చెప్పులేసుకోవాలని మీకు తెలుసన్నమాట."

ఆయన బిందె ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నారు.

"గొయ్యి మీ ప్రాణానికని పూడ్పించారు. మరి నాది?"

ఆయన బిందె కింద పెట్టేశారు. నేను మెయిన్ దించేశాను. వాదనలో గెలిచానన్న సంతోషం నాకు రవ్వంత కూడా కలగలేదు.

"ఆమోసు గారూ, గడ్డపార ఉందా?" అన్నారు ఛాయాదేవి గారు.

"ఏమే, సిద్ధాంతి గారు రాకుండా..."

"ఆయనొచ్చాక నాతో మాట్లాడమనండి."

రోలు ఆవిడా నేనూ కలిసి దొర్లించాం. సిమెంటు పగలగొట్టింది మాత్రం ఆవిడే. నన్ను ముట్టుకోనివ్వలేదు. జానకిరామ్ గారు భోజనం చెయ్యకుండా దొడ్డి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయారు. అడుగులోతున పైపు మొన దొరికింది. తుప్పు గీకి, కొత్త తీగ బిగించి, నాలుగు బిందెల నీళ్లు పోశాను. కూలరు పంపు విప్పి, ఒరిసిపోయిన వైరు మార్చాను. మెయిన్ వేసి టెస్టరు రేకుకు ఆనించాను. వెలగలేదు. ఫ్రిజ్ దగ్గరా వెలగలేదు.

"ఇంక పర్లేదమ్మా, నిశ్చింతగా ముట్టుకోండి," అన్నాను.

ఆవిడ ముట్టుకోలేదు. మట్టి చేతులు కొంగుకు తుడుచుకుని భర్త వైపు తిరిగారు.

"ముందు మీరు పెట్టండి చెయ్యి. చెప్పులు తీసి."

ఆయన నా వంక చూశారు. నేను తలూపాను. చెప్పులు తీసి తడి గచ్చు మీద నిలబడ్డారు. చెయ్యి రేకు దాకా వెళ్లడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఆ చాలాసేపూ ఆవిడ ఆయన మొహమే చూస్తూ నిలబడ్డారు.