ఎత్తు మీద ఆగే బస్సు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం, సికింద్రాబాదు నుంచి శామీర్‌పేటకు వెళ్లే బస్సు రోజూ ఒకే చోట ఆగిపోయేది. దేవరయాంజాల్ దారి కలిసే చోట రోడ్డు ఎత్తెక్కుతుంది. ఆ ఎత్తు చివరికి వచ్చేసరికి బానెట్టు సందుల్లోంచి ఆవిరి బుస్సుమని లేచేది. డ్రైవర్ జయరాజు ఇంజను ఆపేవాడు. జనం తిట్టుకుంటూ దిగేవారు.

అక్కడే బాలనర్సమ్మ తాటాకుల పందిరి వేసుకుంది. మొదటిసారి ఆమె చేసిందల్లా నీళ్లకోసం వెతుకుతున్న కండక్టర్ గండయ్యకు మోటబావి చూపించడమే. ఎండలో కూర్చున్నవాళ్లు దాహమంటుంటే మరునాడు కుండెడు మజ్జిగ తెచ్చింది. తర్వాత శనగ గుగ్గిళ్లు, ఉడకబెట్టిన పల్లికాయ. ఆమె భర్త మల్లేశం రాళ్లు కొట్టే పనిలో కుడి చెయ్యి నలిగి ఇంట్లో ఉన్నాడు. ఇల్లు ఆ పందిరి మీదే నడుస్తోంది.

జయరాజుకు మాత్రం ఆ ఎత్తు తలవంపుగా మారింది. చూడగలిగినవన్నీ చూశాడు. నీళ్లు ఎక్కడా కారడం లేదు. బండి కింద నేల పొడిగానే ఉంది. ఫ్యాను బెల్టు బిగించాడు. రేడియేటరు విప్పించి సోడా నీళ్లతో కడిగిస్తే చెరువు బురద బోలెడు వచ్చింది గానీ, మర్నాడు బస్సు మళ్లీ అక్కడే ఉడికింది.

"బస్సు సేటు ఇంకో డ్రైవరును సూసుకుంటా అంటుండు," అన్నాడు గండయ్య.

"సూసుకోనియ్యి. గాయన మాత్రం ఏం జేస్తడు?" అని జయరాజు రేడియేటరు మీద చెయ్యి పెట్టి వెంటనే తీశాడు. తర్వాత కింది అంచు తాకాడు. "పైన కాలుతాంది, కింద సల్లగున్నది. నీళ్లు తిరుగుతలేవు గండన్నా. నడుమ ఏడనో ఆగుతున్నయి."

ఎక్కడన్నదే తెలియలేదు. చదును దారిలో మెల్లగా నడిపితే బండికి ఏ జబ్బూ లేదు. ఎత్తు మీద గట్టిగా తొక్కితేనే ఉడుకుతుంది. అందుకని ఆ రోజు ఇంజను చల్లారాక నీళ్లు నింపి, బానెట్టు తెరిచే ఉంచి, తన సీట్లో కూర్చుని పెడలు గట్టిగా తొక్కి ఇంజను రేజు చేశాడు. గండయ్య ఒకవైపు నిలబడి ఫ్యాను తిరగడం చూస్తున్నాడు. రెండోవైపు బాలనర్సమ్మ మిగిలిన నీళ్ల కడవతో నిలబడి ఉంది.

"జయరాజన్నా, గా కింది గొట్టం సప్పబడ్డది!" అని ఒక్క అరుపు అరిచింది.

జయరాజు ఇంజను ఆపి దిగి వచ్చాడు. రబ్బరు గొట్టం గుండ్రంగానే ఉంది. "ఏంది నర్సమ్మక్కా, మంచిగనే ఉన్నది గదా?"

"గిప్పుడు మంచిగున్నది. నువ్వు తొక్కినప్పుడు లేగదూడ పీల్చినట్టు లోపలికి పోయింది. నా కండ్లతోని సూసిన."

జయరాజు గండయ్యను సీట్లో కూర్చోబెట్టి తొక్కమన్నాడు. తాను వంగి చూశాడు. ఇంజను హోరు పెరగగానే గొట్టం రెండు పక్కలూ ఒకదానికొకటి అతుక్కున్నాయి. హోరు తగ్గగానే విడిపోయాయి. రబ్బరును వేళ్లతో నొక్కితే ఉడికిన వంకాయలా మెత్తగా ఉంది.

"ఇంజను పంపు గీ గొట్టంల నుంచే నీళ్లు గుంజుతాంది," అన్నాడు నెమ్మదిగా. "గట్టిగ గుంజితే గొట్టమే మూసుకుంటాంది. ఇగ నీళ్లు యాడికెళ్లి వస్తయి? నేను దిగి సూసేసరికి మల్ల గుండ్రంగ ఉంటాంది. గింతే!"

యుద్ధపు కొరత వల్ల కొత్త గొట్టం ఆ రోజుల్లో ఊరంతా తిరిగినా దొరికేది కాదు. ఆ సాయంత్రమే అతను ఇనుప తీగను గడ్డపార మీద స్ప్రింగులా చుట్టి, గొట్టం లోపల దూర్చి బిగించాడు. మర్నాడు బస్సు ఎత్తు ఎక్కి, ఆగకుండా శామీర్‌పేట వైపు దిగిపోయింది. కిటికీలోంచి గండయ్య చెయ్యి ఊపాడు. బాలనర్సమ్మ కూడా ఊపింది. కుండ నిండుగానే ఉండిపోయింది.

"ఎందుకు సెప్పినవే?" అన్నాడు మల్లేశం ఆ రాత్రి పుల్లబడ్డ మజ్జిగ పోసుకుని.

"కండ్ల ముంగట కనవడ్డది, సెప్పిన. సెప్పినంక యాదికొచ్చింది మన సంగతి."

ఆమెకు నిద్ర పట్టలేదు. చెప్పకపోయి ఉంటే పందిరి ఎన్నాళ్లు నడిచేదోనని కాసేపు లెక్క వేసుకుంది. మళ్లీ, ఉద్యోగం పోతే జయరాజు ఇంట్లో వాళ్లు ఏం తినేవాళ్లోనని అనుకుంది. రెండూ తేలలేదు.

ఎవరూ ఆగని పందిరి కింద రెండు పూటలు కూర్చుని చూశాక ఆమె గంప ఎత్తుకుని రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. జయరాజు ఆపాడు. బస్సు శామీర్‌పేటలో చాలాసేపు నిలిచి తిరిగి వస్తుందని ఆమెకు తెలుసు.

"శామీర్‌పేటల కూసోని అమ్ముకుంట," అంది.

"ఎక్కు అక్కా. గండన్నా, గంప అందుకో."

శామీర్‌పేటలో మజ్జిగ ఎవరూ కొనలేదు. చుట్టుపక్కల ఇళ్లన్నిటా పాడి ఉంది. గుగ్గిళ్లు సగం మిగిలాయి. కానీ తిరుగు బస్సు కోసం కాచుకున్నవాళ్లు వేడిగా ఏమైనా ఉందా అని అడగడం ఆమె గమనించింది. మూడు రాళ్లు, ఒక గిన్నె, బియ్యప్పిండి తీసుకుపోయి, కారం కలిపిన పిండిని గిన్నెకు అద్ది కాల్చే సర్వపిండి మొదలుపెట్టింది. మొదట్లో కొన్ని మాడాయి. శనివారం అంగడి నాటికి చేయి తిరిగింది, చేసినవి చేసినట్టే అమ్ముడుపోయాయి. ఇంటి దగ్గర మల్లేశం ఎడమ చేత్తో ఆ పిండిలోకి పల్లీలు దంచి మూటకట్టి ఉంచేవాడు.