నాన్న ఎడమ చెవి

సంస్మరణ సభలో నాన్న గురించి ఎవరైనా అయిదు నిమిషాలు మాట్లాడాలట. అన్నయ్య మైకు చూస్తేనే నీళ్ళు నములుతాడు. అక్కకు ఏడుపు ఆగదు. ఇంట్లో నోరున్నదాన్ని నేనే కాబట్టి నా నెత్తిన పడేశారు. ఆ నోటితో నేనేం చేశానో వాళ్ళకు తెలియదు.

నాన్న సైన్యంలో లారీ డ్రైవరు. యుద్ధంలో పక్కనే ఫిరంగి గుండు పేలి ఒక చెవి పోయింది. ఎడమది. తిరిగొచ్చాక ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపారు. ఆదివారం సాయంత్రం మా ముగ్గురి బూట్లూ వరసగా పెట్టుకుని తనే పాలిష్ చేసేవారు. మడమ దగ్గర మరక కనిపిస్తే మళ్ళీ మొదటినుంచి.

ఆ ఎడమ చెవి మా ఇంటిల్లిపాదికీ అక్కరకొచ్చింది. అమ్మకు కోపమొస్తే ఆయన ఎడమ పక్కన చేరి కసితీరా తిట్టేది. ఆయన తాపీగా పేపరు తిప్పేవారు. నేను లెక్కల్లో తప్పినప్పుడు అటే నిలబడి గొణిగాను. "నాన్నకు చెప్పావా?" అని అమ్మ అడిగితే, చెప్పానని ఒట్టేశాను. అబద్ధం కాదుగా!

ఆసుపత్రిలో మూడో వారం. నేను తొడిగిన చొక్కాను ఆయన నాలుగోసారి విప్పి పారేశారు. నాకు ఒళ్ళు మండింది. ఎడమ పక్కకు వంగి, "త్వరగా పోతే మీకూ సుఖం, మాకూ సుఖం" అన్నాను. వినపడదన్న ధైర్యంతోనే అన్నాను. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఇలాంటిదాన్ని, ఆయన గురించి నలుగురిలో ఏం మాట్లాడతాను?

కనీసం తేదీలైనా సరిగ్గా చెబుదామని ఆయన సైన్యం కాగితాలు తీయించాను. డాక్టరు రిపోర్టులో ఉంది: కుడి చెవికి వినికిడి లేదు. ఎడమ చెవి బాగుంది.

రెండుసార్లు చదువుకుని అమ్మకు వినిపించాను.

"కుడిదా?" అమ్మ నోరు తెరిచింది. "పెళ్ళయిన కొత్తలో ఏ చెవండీ అనడిగితే, కాసేపు ఆలోచించి మరీ ఎడమదన్నారే! ఓరి దేవుడా, ఇన్నేళ్ళూ నేను తిట్టిందంతా విన్నారా ఈ మనిషి!"

అమ్మకు నవ్వు ఆగలేదు. నేను ఆసుపత్రిలో అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అమ్మ నవ్వు ఆగిపోయింది. "ఎప్పుడన్నావే?"

"చివరి రోజు పొద్దున."

"ఆ మధ్యాహ్నమే కదే నిన్ను ఇంటికి పంపింది! పంపమన్నది ఆయనే. 'చిన్నది కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. నేనంటే వినదు, నువ్వే అన్నట్టు చెప్పి పంపు' అన్నారు."

వెళ్ళాను. తలుపేసుకుని ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. నాన్న నాలుగున్నరకు పోయారు. అమ్మ ఏడుసార్లు ఫోన్ చేసింది. నాకు ఒక్కటీ వినపడలేదు.