మోకాళ్ల కసరత్తు

వీధి వీధంతా ఆయన్ని ఆకాశానికెత్తేస్తోంది. గోడకి మేకు కొట్టమంటే వేలు చితక్కొట్టుకునే మనిషి, పైలట్ స్పృహ తప్పితే పక్క సీట్లోంచి హెలికాప్టర్ నడిపి, వెనక కూర్చున్నవాళ్లకి గోరంత దెబ్బ తగలకుండా దించాడు మరి. ఆకాశానికెత్తనిది ఒక్క ఆయన భార్యే. బట్టలు కుట్టే ఆవిడని వీధిలో అందరూ దర్జీ అక్క అంటారు. ఆవిడకి మొదటి నుంచీ ఈ కథ మింగుడు పడలేదు.

పైలట్ ఎవరో కాదు, ఆవిడ సొంత అన్నయ్య. కొండల మీది ఊళ్లకి మనుషుల్నీ సరుకుల్నీ చేరవేసే హెలికాప్టర్ అది. అన్నయ్య నడుపుతాడు, భర్త సరుకులెక్కించి పక్కన కూర్చుంటాడు. ఆ రోజు వెనక సీట్లో, పన్ను పీకించుకోవడానికి పట్నం వెళ్తున్న వీళ్ల కూతురు కూడా ఉంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా దర్జీ అక్క చేతిలో సూది ఆగిపోతోంది.

విచారణకి అధికారి ఇంటికే వచ్చాడు. టీ తాగుతూ భర్త చెప్పిందంతా విన్నాడు. రేడియోలో ఎవరో చెబుతుంటే చెప్పినట్టు చేశానన్నాడు భర్త. బావ పొద్దున ఏమీ తినలేదనీ, అందుకే కళ్లు తిరిగాయనీ అన్నాడు. ఎన్నిసార్లు చెప్పినా అవే మాటలు, అదే వరస. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాడో రెండుసార్లు ఒకేలా చెప్పలేని మనిషికి ఇంత జ్ఞాపకశక్తి ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆవిడకి అర్థం కాలేదు.

“పైన ఉన్నంతసేపూ ఎలాగో నెట్టుకురావచ్చు,” అన్నాడు అధికారి. “దించడమే కష్టం. ఎడం చేతికి ఒక పని, కుడి చేతికి ఇంకో పని, కాళ్లకి వేరే పని. ఒకటి కదిపితే మిగతావన్నీ సర్దుకోవాలి. నేర్చుకోనివాడు దాన్ని నేల దగ్గర నిలబెట్టగా నేనెక్కడా వినలేదు. మీ అదృష్టం బాగుంది.”

భర్త నేల చూపులు చూశాడు. ఆవిడ ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది.

వంటింటి పక్క గదిలో ఒక పాత కుర్చీ ఉంది. ఎడమవైపు తాడుతో కట్టిన చీపురు కర్ర, ముందు బిగించిన ఇంకో కర్ర, కాళ్ల దగ్గర రెండు చెక్కలు. మోకాళ్ల నొప్పికి కసరత్తు అని చెప్పాడు భర్త. వెర్రిమొహంలా నమ్మి, ఆ మోకాళ్లకి రోజూ నూనె కూడా రాసింది. ఇప్పుడు తనే అందులో కూర్చుంది. ఎడం చెయ్యి ఒక కర్ర మీదకి, కుడి చెయ్యి ఇంకో కర్ర మీదకి, కాళ్లు చెక్కల మీదకి వాటంతటవే వెళ్లాయి. ఒళ్లు మండిపోయింది.

అన్నయ్య కాక ఇంకెవరు నేర్పుతారు? కానీ తన సైకిల్ కూడా ఎవర్నీ ముట్టుకోనివ్వని అన్నయ్య ఎందుకు నేర్పినట్టు? ఆమధ్య భోజనానికొచ్చినప్పుడు మాట మధ్యలో ఆగి, గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. చేతిలో గ్లాసు జారిపోయింది. ఆవిడ కంగారు పడేలోపే భర్త లేచి అన్నయ్యని పట్టుకున్నాడు. భర్త మొహంలో ఆశ్చర్యం లేదు. అన్నయ్యకి ఇలా అవుతుందని ఇద్దరికీ ముందే తెలుసు. తెలిసే ఎగిరారు. తెలిసే పిల్లని ఎక్కించారు.

వెనకే వచ్చిన భర్త గుమ్మంలో ఆగిపోయాడు. కుర్చీలో ఆవిణ్ణి చూడగానే మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“బావ ఉద్యోగం పోతుందే,” అన్నాడు గొంతు తగ్గించి. “వచ్చే వారం మళ్లీ చేరుతున్నాడు. పక్కన నేనుంటాగా.”

“మీకు జ్వరమొచ్చిన రోజు?”



ముందుగదిలో అధికారి కాగితాలు సర్దుకుని లేస్తున్నాడు. చిన్నప్పుడు కాలు బెణికితే తనని బడి నుంచి ఇంటిదాకా మోసుకొచ్చిన అన్నయ్య గుర్తొచ్చి ఆవిడకి కళ్లు నిండాయి. తుడుచుకుంది. కుర్చీని కర్రలతో సహా బరబరా ఈడ్చుకొచ్చి అధికారి ముందు పెట్టింది.

“కూర్చోండి,” అంది భర్తతో. “సార్‌కి మీ మోకాళ్ల కసరత్తు చూపించండి.”